ఎడారిలో క్రూడాయిల్ ట్యాంకులు: ఎండ కన్నా నీళ్లతోనే డేంజర్.. ఎలా కడతారు? ఎలా కాపాడతారు?

2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో ఉష్ణోగ్రత ఏకంగా 53.9 డిగ్రీలకు చేరింది. అదే ఏడాది మే 19న మన రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. ఇలాంటి ఎడారుల్లోనే లక్షల బ్యారెళ్ల ముడి చమురును ఉక్కు ట్యాంకుల్లో నిల్వ చేస్తారు. అంత ఎండకు ఆయిల్ అంటుకోదా? ఇనుము కరిగిపోదా? చాలామందికి మొదట వచ్చే డౌట్ ఇదే. కానీ ఆ ట్యాంకులు కట్టేవాళ్లకు, చూసుకునేవాళ్లకు నిద్ర పట్టనివ్వనిది ఎండ కాదు.. నీళ్లు! వాన అరుదుగా పడే చోట నీళ్లతో ప్రమాదమేంటి? ట్యాంకు లోపలికి దిగి పనిచేసే మనవాళ్లకు దీంతో సంబంధమేంటి? పూర్తిగా తెలుసుకుందాం.

అసలు ఈ ట్యాంకులు ఎందుకు?

చమురు బావి రోజంతా పారుతూనే ఉంటుంది. ఓడ మాత్రం వచ్చినప్పుడే వస్తుంది. ఒక పెద్ద క్రూడ్ ట్యాంకర్ ఓడలో దాదాపు 20 లక్షల బ్యారెళ్లు పడతాయి. ఆ ఓడ రేవుకు వచ్చేసరికి సరుకు రెడీగా ఉండాలంటే మధ్యలో నిల్వ తప్పనిసరి.

2019 సెప్టెంబర్ 14న సౌదీలోని అబ్‌కైక్ ప్రాసెసింగ్ కేంద్రంపై, ఖురైస్ చమురు క్షేత్రంపై దాడి జరిగింది. దాంతో రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి నిలిచిపోయింది. అయినా కొనుగోలుదారులకు సరఫరా పూర్తిగా ఆగిపోలేదంటే కారణం నిల్వలే. మన దేశం వాడే క్రూడ్‌లో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. అందులో గల్ఫ్ వాటా చాలా పెద్దది. కాబట్టి అక్కడి ట్యాంకుల సంగతి మన బంకు దాకా వచ్చే విషయమే.

ఒక్క ట్యాంకు ఎంత పెద్దది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 80 మీటర్ల వ్యాసం, 20 మీటర్ల ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు లక్ష ఘనపు మీటర్లు పడుతుంది. అంటే 10 కోట్ల లీటర్లు. బ్యారెల్‌కు 159 లీటర్ల లెక్కన దాదాపు 6 లక్షల 30 వేల బ్యారెళ్లు. ఎత్తు చూస్తే ఆరంతస్తుల బిల్డింగంత ఉంటుంది. వైశాల్యం చూస్తే దాదాపు ఎకరంపావు.

ఇలాంటి ట్యాంకుల నిర్మాణానికి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన ఏపీఐ 650 ప్రమాణాన్ని చాలా దేశాలు పాటిస్తాయి. కట్టిన తర్వాత తనిఖీలు, రిపేర్లకు ఏపీఐ 653 ఉంది.

పెద్ద క్రూడ్ ట్యాంకులకు మామూలు పైకప్పు ఉండదు. చమురు మీదే తేలే మూత ఉంటుంది. దీన్ని ఫ్లోటింగ్ రూఫ్ అంటారు. చమురు పెరిగితే మూత పైకి లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. ఎందుకిలా? చమురుకూ కప్పుకూ మధ్య ఖాళీ ఉంటే అక్కడ ఆవిరి చేరుతుంది. ఆ ఆవిరికి గాలి తోడైతే ఒక్క నిప్పురవ్వ చాలు. మూత చమురును ఆనుకుని ఉంటే ఆవిరికి చోటే ఉండదు. మూత అంచుకూ ట్యాంకు గోడకూ మధ్య ఉండే సందును రబ్బరు సీళ్లతో మూసేస్తారు. సరుకు ఆవిరైపోదు, ప్రమాదమూ తగ్గుతుంది.

ఇసుక మీద పునాది ఎలా?

మన ఉదాహరణలోని ట్యాంకును చమురుతో నింపితే లోపలి సరుకు బరువే 85 వేల టన్నులు దాటుతుంది. అంత బరువును ఇసుక మోయాలి.

గాలికి కొట్టుకొచ్చిన ఎడారి ఇసుకతో ఒక చిక్కుంది. రేణువులన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి. పెద్ద రాళ్ల మధ్య చిన్న రాళ్లు ఇరుక్కుని గట్టిపడినట్టు ఇది గట్టిపడదు. అందుకే భారీ వైబ్రేటర్లతో లోతు వరకు దట్టిస్తారు. అవసరమైతే పైపొర తీసేసి, కంకర కలిపిన మట్టిని పొరలు పొరలుగా పోసి రోలర్‌తో తొక్కిస్తారు.

గల్ఫ్ తీరంలో దీనికి మించిన సమస్య మరొకటి ఉంది. అక్కడ 'సబ్‌ఖా' అనే ఉప్పునేలలు ఉంటాయి. పైకి ఎండిపోయి పెళుసుగా కనిపిస్తాయి. కొద్దిగా తవ్వితే ఉప్పునీరు తగులుతుంది. ఎండకు ఆ నీరు పైకి ఎగబాకి ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం అక్కడే మిగిలిపోతుంది. ఈ ఉప్పు కాంక్రీటునూ తింటుంది, ట్యాంకు అడుగు రేకునూ తింటుంది. మొదటి శత్రువు ఇక్కడే మొదలైంది చూశారా!

అందుకే ట్యాంకు గోడ కింద గుండ్రంగా కాంక్రీటు రింగు పోసి దానికి రక్షణ పూత వేస్తారు. అడుగు రేకు కింద శుభ్రమైన ఇసుక పరుస్తారు. దాని కింద మందపాటి ప్లాస్టిక్ షీటు వేస్తారు. చమురు కారితే ఆ షీటు మీదుగా పైపుల్లోకి వచ్చి బయటపడుతుంది. ఆ ఇసుకలోనే యానోడ్ తీగలు పరిచి అతి తక్కువ కరెంటు పంపిస్తారు. ఈ కరెంటు ఉక్కుకు తుప్పు పట్టకుండా అడ్డుకుంటుంది. దీన్నే కెథోడిక్ ప్రొటెక్షన్ అంటారు.

వెల్డింగ్‌కూ, పెయింటింగ్‌కూ ముహూర్తం చూడాల్సిందే

ఉక్కు వేడికి సాగుతుంది. 80 మీటర్ల వ్యాసమున్న ట్యాంకు 30 డిగ్రీల తేడాకు దాదాపు 29 మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టుకొలతలో చూస్తే ఏకంగా 9 సెంటీమీటర్లు! తెల్లవారుజామున కొలిచిన లెక్క మధ్యాహ్నానికి తప్పిపోతుంది. పైగా ఎండ ఒకవైపే పడితే ఆ వైపు మాత్రమే సాగి గుండ్రం చెదురుతుంది. గుండ్రం చెదిరితే తేలే మూత ఇరుక్కుంటుంది, లేదంటే సీలు దగ్గర సందు పడుతుంది. అందుకే కీలకమైన కొలతలు, ప్లేట్ల అమరిక ఎండ ఎక్కకముందే పూర్తి చేస్తారు. కాంక్రీటు పోయడానికి కూడా చాలాచోట్ల రాత్రిపూటే మొగ్గు చూపుతారు. నీళ్లలో ఐసు కలుపుతారు.

కార్మికుల పనివేళలకూ రూల్స్ ఉన్నాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదు. సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు నిషేధం. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా.

మరి రాత్రిపూట హాయిగా పని చేసుకోవచ్చు కదా? తీరప్రాంతాల్లో అదీ కష్టమే. పగలు మండిన ఉక్కు రాత్రికి చల్లబడితే దాని మీద మంచు బిందువులు చేరతాయి. ఆ తడి మీద పెయింట్ వేస్తే కొన్నాళ్లకే పొట్టులా లేచిపోతుంది. అందుకే ఉక్కు ఉష్ణోగ్రత, మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుంటేనే పెయింట్ వేయాలన్నది రూల్. వెల్డింగ్ రాడ్లకు కూడా తేమ తగలకూడదు. తగిలితే అతుకులో పగుళ్లు వస్తాయి. అందుకే వాటిని ఓవెన్‌లో వేడిగా ఉంచి, వాడేముందే తీస్తారు. ఇసుక గాలి వెల్డింగ్ మీద పడకుండా చుట్టూ పరదాలు కడతారు.

చమురుకన్నా ముందు నీళ్లతో పరీక్ష

ట్యాంకు కట్టాక ముందుగా నింపేది చమురు కాదు, నీళ్లు. దీన్ని హైడ్రోటెస్ట్ అంటారు. చమురుకన్నా నీళ్లు బరువు ఎక్కువ కాబట్టి ఈ పరీక్షలో నిలబడితే ట్యాంకుపై నమ్మకం కుదురుతుంది. నీళ్లు నింపుతూ చుట్టూ పునాది ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో కొలుస్తారు. అంతటా సమానంగా కుంగితే పెద్ద ఇబ్బంది లేదు. ఒకవైపే కుంగితేనే సమస్య.

కానీ ఎడారిలో లక్ష టన్నుల మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి? తీరంలో అయితే సముద్రపు నీరు వాడక తప్పని సందర్భాలుంటాయి. ఉప్పునీరు ఉక్కును వదలదు కాబట్టి తుప్పును ఆపే రసాయనాలు కలుపుతారు. ఎక్కువ రోజులు ఉంచరు. ఖాళీ చేసిన వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెడతారు. పక్కపక్కన చాలా ట్యాంకులుంటే అవే నీళ్లను ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి పంపి సరిపెడతారు.

మరి ఎండ సంగతేంటి?

ఎండను తక్కువ అంచనా వేయలేం. కానీ దానికి మందు దొరికింది. అదే తెల్ల రంగు. కొత్త తెల్ల పెయింట్ తన మీద పడ్డ ఎండ వేడిలో సుమారు 17 శాతమే పీల్చుకుంటుంది. నల్ల రంగు అయితే 97 శాతం. ఇసుక గాలి పెయింట్‌ను గరుకు కాగితంలా గీకేస్తుంది, దుమ్ము పేరుకుంటే తెలుపు మాసిపోతుంది. కాబట్టి పెయింట్‌ను ఎప్పటికప్పుడు చూసుకోవాల్సిందే.

వేడికి చమురు కూడా వ్యాకోచిస్తుంది. లక్ష ఘనపు మీటర్ల క్రూడ్ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 800 ఘనపు మీటర్లు పెరుగుతుంది. మన ట్యాంకులో మట్టం 16 సెంటీమీటర్లు పైకి వస్తుందన్నమాట. అందుకే అంచు దాకా నింపరు. మట్టం హద్దు దాటితే మోగే అలారాలు పెడతారు.

రాజస్థాన్‌లోని బాడ్‌మేర్‌లో కథ రివర్స్! 2009 ఆగస్టు 29న ఉత్పత్తి మొదలైన మంగళ క్షేత్రంలోని క్రూడ్‌లో మైనం ఎక్కువ. వేడిగా ఉంటేనే పారుతుంది, చల్లబడితే గడ్డకడుతుంది. థార్ ఎడారిలో చలికాలపు రాత్రులు ఎలా వణికిస్తాయో తెలిసిందే. అందుకే అక్కడి నుంచి గుజరాత్ తీరానికి వేసిన పైప్‌లైన్‌ను పొడవునా వేడి చేస్తారు. ఇలాంటి క్రూడ్ నిల్వ చేసే ట్యాంకులకైతే లోపల హీటింగ్ కాయిల్స్, బయట ఇన్సులేషన్ ఉండాలి. ఇక్కడా నీళ్ల గొడవే. ఇన్సులేషన్ లోపలికి తేమ చేరితే ఆ మూలన ఉక్కు తుప్పు పడుతున్నా బయటకు కనిపించదు.

ఎడారిలో వాన పడితే?

ఎడారి ట్యాంకుకు అసలు పరీక్ష ఇదే. తేలే మూత మీద పడ్డ వాననీరు డ్రెయిన్ పైపు గుండా ట్యాంకు లోపలి నుంచే కిందికి వచ్చి బయటకు పోవాలి. నెలల తరబడి వాన లేకపోతే ఆ పైపును పట్టించుకునేవారు ఉండరు. ఈలోగా ఇసుక చేరి మూసుకుపోతుంది. సరిగ్గా అప్పుడే వాన ముంచెత్తితే?

2024 ఏప్రిల్ 16న యూఏఈలో అదే జరిగింది. అల్ ఐన్ దగ్గరి ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి ఆ దేశంలో అదే అత్యధికం. ఇప్పుడు ఏపీఐ 650 ఏం చెబుతోందో చూడండి. ప్రధాన డ్రెయిన్లు పనిచేయకపోయినా, 24 గంటల్లో 250 మిల్లీమీటర్ల వాన పడినా ఒంటి పలక ఫ్లోటింగ్ రూఫ్ మునగకూడదు. అంటే ఎడారిలో పడ్డ వాన, డిజైన్‌లో రాసుకున్న అంకెను దాటేసింది! 80 మీటర్ల మూత మీద అంత వాన నిలిస్తే దాని బరువు దాదాపు 1,280 టన్నులు.

మూత ఒరిగి మునిగితే ఎకరంపావు క్రూడ్ ఆకాశం కింద బయటపడుతుంది. అప్పుడు ఒక్క పిడుగు చాలు. అందుకే డ్రెయిన్ పైపును శుభ్రం చేయడం చిన్న పనిలా కనిపించినా ప్రాణాలకు సంబంధించిన పని. రెండు పలకల మూతలు, అత్యవసర డ్రెయిన్లు ఉంటే కొంత ధీమా ఉంటుంది.

పైకప్పు కదలని ట్యాంకుల్లో మరో ప్రమాదం ఉంది. వాటికి గాలి పీల్చి వదిలే వెంట్లు ఉంటాయి. ఇసుకతో వెంట్ మూసుకుపోయి ఉండగా పంపుతో సరుకు తోడేస్తే, లోపల వాక్యూమ్ ఏర్పడుతుంది. వాటర్ బాటిల్లోంచి గాలి పీల్చేస్తే ఎలా నలుగుతుందో, అంత పెద్ద ట్యాంకూ అలాగే నలిగిపోతుంది.

అడుగున దాక్కున్న శత్రువు

క్రూడ్‌తో పాటు కొంత ఉప్పునీరు కూడా వస్తుంది. బరువు ఎక్కువ కాబట్టి మెల్లగా అడుగుకు చేరుతుంది. ఆ నీటిలో ఉప్పు, సల్ఫర్ సమ్మేళనాలతో పాటు గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా ఉంటాయి. ఇవన్నీ కలిసి అడుగు రేకుకు గుంటలు పెడతాయి. ప్రమాణం ప్రకారం ఆ రేకు కనీస మందం, తుప్పుకు వదిలే అదనం కాకుండా, 6 మిల్లీమీటర్లే. అంటే కింద సబ్‌ఖా ఉప్పునీరు, పైన క్రూడ్ ఉప్పునీరు.. మధ్యలో నలిగేది పలుచటి రేకు.

దీనికి మందు క్రమశిక్షణే. అడుగు నీటిని ఎప్పటికప్పుడు తీసేయాలి. లోపల ఎపాక్సీ లైనింగ్ వేయాలి. అడుగున బురద పేరుకోకుండా మిక్సర్లు తిప్పాలి. ఏపీఐ 653 ప్రకారం నెలకోసారి చుట్టూ తిరిగి చూడాలి. కనీసం అయిదేళ్లకోసారి అర్హత ఉన్న ఇన్‌స్పెక్టర్ బయటి నుంచి తనిఖీ చేయాలి. లోపలి తనిఖీ మామూలుగా మొదటిసారి పదేళ్లలోపు. ఆ తర్వాత తుప్పు వేగాన్ని బట్టి గడువు పెరుగుతుంది, మామూలుగా 20 ఏళ్లు దాటదు. అయితే లోపల చూడాలంటే ట్యాంకు ఖాళీ చేయాలి, బురద తీయాలి. అంటే మనిషి లోపలికి దిగాలి.

లోపలికి దిగేది ఎవరు? అక్కడ ఏముంటుంది?

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. వెల్డర్లు, ఫ్యాబ్రికేటర్లు, స్కఫోల్డర్లు, హెల్పర్లుగా ఇలాంటి పనుల్లోనూ మనవాళ్లు ఉంటారు. ఈ భాగం వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం.

ట్యాంకు బురదలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన. గాలిలో 100 పీపీఎం ఉంటే వెంటనే ప్రాణాపాయం కలిగించే స్థాయి కింద లెక్క. అసలు మోసం ఏంటంటే, దాదాపు ఆ స్థాయికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. 'వాసన పోయింది, ఇక ఫర్వాలేదు' అనుకుంటే అదే చివరి పొరపాటు అవుతుంది. ముక్కును కాదు, మీటర్‌నే నమ్మాలి.

ఇంకో ప్రమాదం తుప్పులో ఉంటుంది. సల్ఫర్ క్రూడ్ ఉన్న ట్యాంకు గోడల మీద ఐరన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. ట్యాంకు తెరిచాక అది ఆరిపోయి గాలి తగిలితే తనంతట తానే అంటుకోగలదు. అందుకే బయటకు తీసేదాకా దాన్ని తడిపి ఉంచుతారు. ఇన్నాళ్లూ శత్రువైన నీళ్లు ఇక్కడ మాత్రం కాపాడతాయి.

వీటికి వేడి తోడవుతుంది. ఎండకు కాగిన ఉక్కు డబ్బాలో, రక్షణ సూట్ వేసుకుని పని చేయాలి. చెమట ఆరదు. అందుకే తక్కువ సమయం పని, వెంటనే విశ్రాంతి, నీళ్లు, మనిషి మార్పు తప్పనిసరి.

లోపలికి దిగేముందు అడగాల్సినవి ఇవే

- పర్మిట్ రాశారా? అందులో ఈ రోజు తేదీ, టైమ్ ఉన్నాయా?
- ట్యాంకుకు వచ్చే ప్రతి పైపునూ వాల్వుతో ఆపడమే కాకుండా బ్లైండ్ ప్లేటు వేసి మూశారా?
- గ్యాస్ టెస్ట్ ఇప్పుడే చేశారా? ఆక్సిజన్ కనీసం 19.5 శాతం ఉండాలి. అంటుకునే ఆవిరి, ఎల్ఈఎల్ లెక్కలో 10 శాతం లోపే ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దాటకూడదు. సైట్ రూల్ ఇంతకన్నా కఠినంగా ఉంటే అదే ఫైనల్.
- ఒంటి మీద గ్యాస్ అలారం ఉందా? ఫ్యాన్లతో గాలి ఆడుతోందా?
- మ్యాన్‌హోల్ దగ్గర కదలకుండా ఒక మనిషి నిలబడ్డాడా? రెస్క్యూ టీమ్, బ్రీతింగ్ సెట్లు సిద్ధంగా ఉన్నాయా?

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. లోపల తోటివాడు పడిపోతే, బ్రీతింగ్ సెట్ లేకుండా ఎవరూ దిగకూడదు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయినవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకుంటుంటారు. అలారం కొట్టాలి, రెస్క్యూ టీమ్‌ను పిలవాలి. కష్టమైనా సరే, అదే అతణ్ని బతికించే దారి.

వైజాగ్‌లో వేరే పద్ధతి

క్రూడ్‌ను ఉక్కు ట్యాంకుల్లోనే ఉంచాలని లేదు. విశాఖపట్నంలో కొండ రాయిని తొలిచి భూగర్భ గుహల్లో 13.3 లక్షల టన్నుల వ్యూహాత్మక నిల్వకు ఏర్పాటు చేశారు. మంగళూరులో 15 లక్షలు, పాదూరులో 25 లక్షల టన్నులతో కలిపి మొత్తం 53.3 లక్షల టన్నుల సామర్థ్యం. అక్కడ చమురు బయటకు పోకుండా ఆపేది చుట్టూ రాతిలో ఉన్న నీటి ఒత్తిడే. అంటే వైజాగ్‌లో నీళ్లు కాపలాదారు, ఎడారి ట్యాంకుకు మాత్రం శత్రువు. కానీ అలాంటి గట్టి రాయి, నీళ్లు ప్రతిచోటా దొరకవు. ఇసుక మీద ఉక్కు ట్యాంకే దిక్కు.

ఒక్కముక్కలో చెప్పాలంటే..

ఎండ అందరికీ కనిపిస్తుంది కాబట్టి దానికి తగ్గ ఏర్పాట్లు ముందే జరుగుతాయి. నీళ్లు మాత్రం పునాది కింద, ఇన్సులేషన్ చాటున, ట్యాంకు అడుగున కనిపించకుండా పని చేసుకుపోతాయి. ఏడాదికోసారి వచ్చే వాన, ఇసుకతో మూసుకున్న పైపును వెతుక్కుంటూ వస్తుంది. ఎడారి ట్యాంకు ఎన్నేళ్లు నిలబడుతుందన్నది వాన లేని రోజుల్లో ఆ డ్రెయిన్ పైపును ఎంత శ్రద్ధగా చూశారన్న దాని మీదే ఉంటుంది. ట్యాంకులోకి దిగిన మనిషి క్షేమంగా బయటకు రావడం కూడా అంతే. దిగే ముందు గ్యాస్ మీటర్ చూశారా లేదా అన్నదే తేలుస్తుంది.